పెక్కు బాధలు చెప్పు రోగి

ఆనందపురము కూడలి మీలో పలువు రెరిగినదే. విశాఖపట్టణమునుండి విజయనగరము వైపు పోవు బాటయు, అనకాపల్లినుండి వచ్చు జాతీయ రహదారియు అచ్చట కలియుచున్నవి. తెల్లవారకముందే చుట్టుప్రక్కల పల్లెలనుండి బంతి, చామంతి పూల గంపలు అచ్చటి బజారునకు దిగును. అట్టి యొక వేకువజామున నేను చూచినదానిని ముందు చెప్పి, పిమ్మట దాని కారణములను వివరించెదను.

మా యూరి పూలరైతు ఒకడు, అరువదియేండ్లు దాటినవాడు, గంప దింపుచు తూలి పడెను. కాలివ్రేలు రాతికి తగిలి చిట్లి రక్తము కారుచుండెను. ఒడలెల్ల చెమట. మాట తడబడుచుండెను. కడుపులో మంట యని యొకసారి, మోకాళ్లు పట్టుకొన్నవని యొకసారి, కన్నులు తిరుగుచున్నవని మరియొకసారి పలికెను. రాత్రి త్రాగియుండునని కొంద రనిరి. పైత్యమని నే నంటిని. ఎవరో 108కి ఫోను చేసిరి.

ఈ 108 బండ్లు మన రాష్ట్రములో 2005 ఆగస్టు 15వ తేదీన మొదలైనవి. పిలుచుటకు గాని, ఎక్కుటకు గాని రూక యక్కరలేదు. బండిలో నిద్దరు వత్తురు: నడుపువాడొకడు, అతనిని పైలటందురు, అత్యవసర వైద్య సహాయకు డొకడు. ఆనాడు వచ్చిన సహాయకుడు యువకుడు. మేము పదిమందిమి పది మాటలు చెప్పుచుండగా ఎవ్వరికిని బదులీయక, రోగి ప్రక్కన మోకాళ్లపై కూర్చుండి, "తాతా, నీ పేరేమి?" అని యడిగెను. మణికట్టు పట్టుకొని రొమ్ము ఎగసిపడుటను చూచుచుండెను. రక్తము కారు వ్రేలివంక చూడనైన చూడలేదు. నాకు కోపము వచ్చినది. కన్నులయెదుట గాయముండగా పేరెందులకని గట్టిగానే యడిగితిని.

తరువాత తెలిసినదేమనగా, ఆ ప్రశ్న ఊరక యడిగినది కాదు. రోగి తన పేరు చెప్పగలిగినచో గొంతు తెరచియున్నది, ఊపిరి ఆడుచున్నది, తెలివి కొంతయైన నిలిచియున్నది. ఒక్క మాటలో మూడు సంగతులు తేలును. గొంతు మూసికొన్నవాడు కొలది నిమిషములలో పోవును. ఊపిరి చాలనివాడు అటు పిమ్మట. రక్తప్రసరణము తగ్గినవాడు ఆ పిమ్మట. కావున వారు బాధలను రోగి చెప్పిన వరుసలో చూడరు. ప్రాణము తీయు వరుసలో చూతురు. రక్తము ధారకట్టి పారుచున్నచో దానినే ముందాపుదురు. బొట్లుబొట్లుగా కారు వ్రేలు కొంతసేపు ఆగవచ్చును. మోకాలి నొప్పి యింకను ఆగవచ్చును.

అతడు రోగి వ్రేలికి చిన్న బిళ్లవంటి యంత్రము తగిలించి రక్తములోని ప్రాణవాయువును చూచెను. అది ఆరోగ్యవంతులకు సాధారణముగా నూటికి 95కు తగ్గదు. పిదప ఒక్క రక్తపుబొట్టు తీసి చక్కెరను కొలిచెను. 70కి తగ్గరాదు, 48 ఉన్నది. మధుమేహమునకు మాత్ర వేసికొని, ఏమియు తినకయే ఆయన బజారునకు వచ్చెనట. త్రాగినవాడని నిందించినవారు తలలు వంచుకొనిరి. సహాయకుడు వైద్యునితో ఫోనులో మాటలాడి, నరముగుండ గ్లూకోజు ఎక్కించెను. కొంతసేపటికి రైతు లేచి కూర్చుండి, పూలు వాడిపోవును, నాకేమియు లేదనెను.

ఇచ్చట నేను చేసిన తప్పు చెప్పవలెను. పెద్దవాడను గదా యని, "కారణము దొరకినది గదా, ఇక ఇంటికి కొనిపొండు" అంటిని. ఆ యువకు డొప్పుకొనలేదు. కొన్ని మధుమేహపు మాత్రల శక్తి చాల గంటలు నిలుచును. ఎక్కించిన గ్లూకోజు ఖర్చుకాగానే చక్కెర మరల పడిపోవును. అది యొకటి. చక్కెర సరియైనను కడుపుమంటయు చెమటయు ఏల తగ్గలేదు? అది రెండవది. మధుమేహము చిరకాలముగా నున్నవారికి గుండెపోటు రొమ్ములో నొప్పి లేకయే రావచ్చును. కడుపుమంటగానో, ఆయాసముగానో, ఉత్త నీరసముగానో కనబడును. "ఒక కారణము దొరకెనని రెండవదానిని వెదకుట మానరాదు, బాబూ" అని నాకు నెమ్మదిగా చెప్పెను. నగరములోని ఆసుపత్రిలో పరీక్షింపగా గుండె నరము పూడియున్నట్లు తేలినది. నా మాట సాగియున్నచో ఆయన ఆ పగలే ఇంటియొద్ద పోయియుండునేమో.

పలువురు రోగు లొక్కసారి పడినప్పుడు ఈ వరుసయే మనుష్యులకును వర్తించును. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున గోపాలపట్టణము చెంతనున్న ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెంకటాపురముపై క్రమ్మినది. పండ్రెండుమంది మరణించిరి. వందలమందిని కింగ్ జార్జి ఆసుపత్రి మొదలగు చోట్లకు చేర్చిరి. కన్నులమంట, వాంతి, ఊపిరాడకపోవుట, పరుగెత్తుచు పడిన దెబ్బలు, ఒక్కొక్కరి కన్నియు నుండెను. అట్టిచోట రోగిని ముందు విషగాలినుండి ఎత్తుకొనిపోవలెను, మందు తరువాత. కేకలు వేయువానికి ఊపిరి యున్నది. మాటలేక పడియున్నవానియొద్దకు ముందు పోవలెను. నెపోలియను సైన్యమున శస్త్రవైద్యుడైన లారే, సేనాని యని భటుడని చూడక, గాయపు తీవ్రతనుబట్టియే చికిత్స చేయవలెనని రెండువందల యేండ్లక్రిందటనే నియమము పెట్టెను. మన పల్లెలలో మోతుబరి ముందు, కూలివాడు వెనుక యను వాడుక ఇంకను పోలేదు గనుక దీనిని చెప్పుచున్నాను.

బండి వచ్చులోపల మీరు చేయగలిగినది కొంత కలదు. స్మృతి లేనివాని నోట నీరుగాని చక్కెరగాని పోయకుడు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. వానిని ప్రక్కకు ఒత్తిగిల్లజేయుడు. స్మృతియుండి మ్రింగగలవానికి చక్కెర యీయవచ్చును. గుంపును తొలగించి, రోగిని బాగుగా నెరిగినవారొక్కరే మాటలాడుడు. అతడు వాడు మాత్రల అట్టలు, ఏ మందు పడదో ఆ సంగతి, కడపటిసారి తిన్నవేళ చెప్పుడు. నోరు వంకరపోయినచో, అతనిని చక్కగా చూచిన కడపటి గడియ యేదో గడియారమునుబట్టి చెప్పుడు. మెదడులో గడ్డకట్టిన రక్తమును కరగించు సూదిమందు సాధారణముగా ఆ వేళనుండి నాలుగున్నర గంటలలోపలనే యీయవలసియున్నది. "రాత్రి పండుకొన్నప్పుడు బాగుండెను" అనుటయు పనికివచ్చు మాటయే.

మా పూలరైతు ఇప్పుడు మరల బజారునకు వచ్చుచున్నాడు. మాత్రల పేర్లు మనుమరాలిచేత పెద్ద అక్షరములతో వ్రాయించి, ఆ కాగితమును పొగాకు సంచిలో పెట్టుకొన్నాడు. పొగాకు మానెనట, సంచి మాత్రము మానలేదు.