ఇంగ్లండులో నిలిచిన ఫ్రెంచి వీరగాథ

ఫ్రెంచి సాహిత్యంలో తొలి మహాకావ్యంగా పేరొందిన 'రోలాండు గీతం' ప్రతుల్లో అన్నిటికంటే పాతది ఫ్రాన్సులో లేదు. అది ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. 12వ శతాబ్దంలో దాన్ని ఎత్తిరాసిన లేఖకుడి భాష పారిస్ ఫ్రెంచి కూడా కాదు; 1066 తర్వాత ఇంగ్లండులో స్థిరపడిన నార్మన్ల ఫ్రెంచి. పుట్టిన గడ్డకు దూరమైనవారి యాసలో ఒక జాతి కావ్యం నిలిచిందన్నమాట. ఇతర రాష్ట్రాల్లో తెలుగు బడులు నడుపుకుంటున్న మనం ఈ కథను చివరిదాకా తెలుసుకోవాలి.

778 ఆగస్టు 15న చార్లెమేన్ సేన స్పెయిన్ నుంచి తిరిగివస్తూ పిరనీస్ కొండలు దాటుతుండగా వెనకదళంపై బాస్కులు విరుచుకుపడ్డారు. చనిపోయినవారిలో రోలాండు ఒకడు. సుమారు మూడు వందల ఏళ్ల తర్వాత ఆ పోరు నాలుగు వేల పాదాల కావ్యమైంది. సాయం కోసం కొమ్ము ఊదమని స్నేహితుడు ఆలివర్ బతిమాలినా రోలాండు పౌరుషానికి పోయి ఊదడు. చివరికి ఊదేసరికి ఆలస్యమైపోతుంది. కావ్యంలో శత్రువులు బాస్కులు కారు, ముస్లింలు. అది క్రూసేడ్ల కాలపు కల్పన. పిల్లలకు కథ చెప్పేటప్పుడు చరిత్రకూ దీనికీ ఉన్న ఈ తేడా తప్పక చెప్పాలి.

ఆంగ్లంలోకి దీన్ని చాలామంది తెచ్చారు. 1957లో పెంగ్విన్ వేసిన అనువాదం డొరతీ సేయర్స్‌ది. డిటెక్టివ్ నవలలతో పేరు తెచ్చుకున్న ఆమె పుట్టింది ఆక్స్‌ఫర్డ్‌లోనే. మూలంలో ప్రతి పాదం చివర ఒత్తిపలికే అచ్చు కలుస్తుంది, హల్లు మారవచ్చు. 'మాట', 'బాల', 'రాక' అన్నట్టు. మన ప్రాస దీనికి తిరగేసిన పద్ధతి: 'కమల', 'అమిత'లలోలా రెండో అక్షరంలో హల్లు కలవాలి, అచ్చు మారవచ్చు. సేయర్స్ ఆ అచ్చుల పొత్తును ఆంగ్లంలోనూ నిలబెట్టింది.

ఇంతకీ కావ్యాన్ని దాచిన ఇంగ్లండుకే అనువాదం ఎందుకు కావలసివచ్చింది? అక్కడ ఫ్రెంచి పాలకుల భాష. బడిలో లాటిన్ పాఠానికి అర్థం కూడా ఫ్రెంచిలోనే చెప్పేవారు. 14వ శతాబ్దం నడుమ ప్లేగు తర్వాత బడులు మారాయి. పిల్లలు ఫ్రెంచి వదిలి ఆంగ్లంలో నేర్చుకుంటున్నారని 1385లో జాన్ ట్రెవీసా రాశాడు. ఆంగ్లం నిజానికి అక్కడి జనం మాటే. అది బడికి రావడం న్యాయమే. కానీ ఫ్రెంచి ఇళ్లలోంచీ బడుల్లోంచీ పోయాక ఆ ప్రతిని చదవగలిగినవారు పండితులే. 1837లో అచ్చయ్యేదాకా లోకానికి దాని సంగతి అంతగా తెలియదు.

రాజ్యాధికారం ఉన్న భాషకే ఈ గతి పట్టింది. మనకు ఆ అండ కూడా లేదు. తంజావూరు సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలు భద్రంగానే ఉన్నాయి. వాటిని చదివే పిల్లలు తయారుకావలసింది మన తరగతి గదుల్లోనే. 'ఇంట్లో ఎలాగూ మాట్లాడతాం కదా, బడిలో తెలుగెందుకు' అనే తల్లిదండ్రులకు చెప్పవలసిన జవాబు ఇదే: మాట ఇంట్లో వస్తుంది, చదువు బడిలోనే వస్తుంది.

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఒక పని చేయవచ్చు. ఆంగ్లం పీరియడులో సేయర్స్ అనువాదం నుంచి పది పాదాలు, తెలుగు పీరియడులో ప్రాస పాటించిన ఏదైనా ద్విపద కావ్యం నుంచి పది పాదాలు పైకి చదివించండి. ఎక్కడ అచ్చు కలిసిందో, ఎక్కడ హల్లు కలిసిందో పిల్లలనే గుర్తుపట్టమనండి.