దేహమే తొలి వాద్యం

వీణతీగ వదులైతే వైణికుడు వెంటనే గుర్తిస్తాడు. మృదంగం శ్రుతి తగ్గితే మార్దంగికుని చేయి రాయికోసం చాగుతుంది. కాని వాయించేవాని భుజం బిగిసినా, పాడేవాని మెడ వంకరపోయినా ఆ సంగతి తరచు అతనికే తెలియదు. నిత్యమూ చేసే తప్పు శరీరానికి సహజంగానే తోస్తుంది.

మన లక్షణకారులు ఈ విషయాన్ని ఉపేక్షించలేదు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో గాయకదోషాలను 25గా లెక్కించినాడు. వాటిలో స్వరతాళాలకు చెందినవి కొన్ని, దేహానికి చెందినవి కొన్ని. పళ్లు బిగించి పాడేవాడు సందష్టుడు; మెడ వంచి పాడేవాడు వక్రి; ముఖాన, మెడపైన నరాలు ఉబ్బగా పాడేవాడు ఝోంబకుడు; సొరకాయవలె బుగ్గలు పూరించేవాడు తుంబకి. ఇట్లు దోషాలకు పేర్లు ఏర్పడినవి. అయితే తన దోషం తనకు తెలియనివాడు దానిని మానుకొనడం ఎట్లా?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకినవారిలో ఒకడు సంగీతజ్ఞుడు కాడు, నటుడు. ఫ్రెడరిక్ మథయస్ అలెగ్జాండర్ 1869లో ఆస్ట్రేలియాకు చెందిన టాస్మేనియా ద్వీపంలో జన్మించినాడు. సభలలో నాటకఘట్టాలు చదివి వినిపించడం అతని వృత్తి. ఆ వేదికమీదనే అతని గొంతు బొంగురుపోసాగింది. వైద్యుడు చెప్పిన విశ్రాంతివల్ల నయమైనట్లే ఉండి, సభలో మళ్లీ అదే బాధ. బ్రతుకుతెరువే పోయే స్థితి వచ్చింది.

మామూలు మాటకు లేని కీడు వేదికపై ఎందుకు కలుగుతున్నది? అతడు అద్దాల ముందు నిలిచి పరిశీలించుకొన్నాడు. పలుకు ఆరంభించగానే తల వెనుకకు లాగుకుపోతున్నది, స్వరపేటిక అణగుతున్నది, ఊపిరి నోటితో ఎగబీల్చబడుతున్నది. తలను ముందుకు నిలిపి చదివి చూచినాడు. నిలిపినట్లే అనిపించింది. అద్దం మాత్రం తల వెనుకకే పోతున్నదని చూపింది! అనుభూతి కూడా అలవాటుకు లోబడినదేనని అతడు అప్పుడు గ్రహించినాడు.

కనుక అతని ఉపాయం కొత్త ప్రయత్నం చేయడం కాదు, పాత ప్రయత్నాన్ని ఆపడం. పలకాలన్న సంకల్పం కలగగానే క్షణం ఆగాలి. మెడ బిగియకుండా, వీపు కుదించుకుపోకుండా మనసులో తలచుకోవాలి. ఆ తరువాతనే పలకాలి. 1904లో లండన్ చేరి, 1955లో మరణించేవరకు అతడు ఈ విద్యనే బోధించినాడు. నేడు లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో సంగీత విద్యార్థులకు దీనిని నేర్పుతున్నారు. కుర్చీలో కూర్చొనడం, లేవడం వంటి చిన్న పనులతో పాఠం మొదలవుతుంది. గురువు శిష్యుని మెడమీద, వీపుమీద తేలికగా చేయి ఉంచి, ఎక్కడ అనవసరంగా బిగిస్తున్నాడో తెలియజేస్తాడు.

ఇందులో మన ఉపాధ్యాయులు గ్రహించదగినది ఉన్నది. “నిటారుగా కూర్చో!” అనగానే పిల్లవాడు రొమ్ము విరిచి, నడుము బిగించి, ఊపిరి బంధిస్తాడు. ఒక దోషం పోయి మరొకటి వస్తుంది. అంతకంటె, “పాడేముందు ఒక్క క్షణం ఆగు; దవడ వదులు చేయి” అనడం మేలు. ఫిడేలు నేర్చే బాలిక కమాను ఎత్తకమునుపే భుజం ఎత్తుతున్నదా? అద్దంలో ఆమెకే చూపవచ్చు. నొప్పి విడువకుంటే మాత్రం వైద్యుని వద్దకు పంపవలసినదే.

నూరుసార్లు వల్లించడమే సాధన అని పలువురి నమ్మకం. మెడ బిగించి నూరుసార్లు వల్లిస్తే స్వరంతోపాటు ఆ బిగువు కూడా స్థిరపడుతుంది. సరళీవరుసల నాడే గురువు చెవి శిష్యుని స్వరంపైన, కన్ను అతని మెడపైన ఉండాలి.