పగుళ్ళకు ఇంటి లేపనం

చెనిక్కాయ ఒబ్బిడి చేసి, కట్టె వామి వేసి, ఊపిరి పీల్చుకొనేసరికి మార్గశిరం వచ్చి కూర్చుంటుంది. పెద్దమండ్యం చుట్టుపట్ల పల్లెల్లో చేతులు గరుకెక్కడం, పెదవులు చిట్లడం, మడమలు పగలడం అప్పుడే మొదలు. "ఇదేమంత జబ్బు? ఎండలొస్తే అదే పోతుంది" అని మీరనవచ్చును. పోతుంది, నిజమే. కాని ఆ రెండు మూడు నెలలూ ఆ పగుళ్ళతోనే పేడ ఎత్తాలి, మడిలో దిగాలి, ఆవు పొదుగు పట్టాలి. పగులంటే చర్మానికి పడ్డ గండి. పేడలోనూ మన్నులోనూ ఉండే ధనుర్వాతపు క్రిమికి అంత దారి చాలును.

చర్మం ఎందుకు పగులుతుంది? దాని పైపొర రాతిగోడ వంటిది. చచ్చిన కణాలు రాళ్ళనుకోండి, వాటి నడుమ ఉండే కొవ్వు అడుసు. అడుసు గట్టిగా ఉన్నంతకాలం లోపలి తడి బయటికి పోదు. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ఈ సీమలో చలికాలపు రాత్రులు కోస్తాలోకంటె చల్లన, గాలి పొడి. ఆ గాలి తడిని లాగేస్తుంది. చలికి ఓర్వలేక మనం సలసల కాగిన నీళ్ళు పోసుకొని, బట్టల సబ్బుతో చేతులు తోముకుంటే ఉన్న అడుసూ కొట్టుకుపోతుంది. పట్టుపురుగుల షెడ్డులో సున్నం, బ్లీచింగు పొడి ముట్టేవారి చేతులు మరీ అన్యాయం. ఇక అరికాలి సంగతి: అక్కడి చర్మంలో నూనె గ్రంథులే లేవు. పైగా ఒంటి బరువంతా దానిమీదనే. మడమ ముందుగా పగలడంలో వింతేముంది?

పోయిన అడుసుకు బదులు పైన ఒక పూత వేయడమే లేపనం చేసే పని. కావలసినవి మూడే: ఆముదం 60 గ్రాములు, కొబ్బరినూనె 60 గ్రాములు, తేనెమైనం 30 గ్రాములు. కొబ్బరినూనె లేకపోతే నువ్వులనూనె వాడవచ్చు. తేనె పిండిన తుట్టెను పారేయకండి. నీళ్ళలో వేసి కాచి, గుడ్డలో వడగట్టి చల్లారనిస్తే మైనం పైన బిళ్ళకడుతుంది. అన్నట్టు, ఆముదపు పిండి ఎరువుకే గాని దాణాకు పనికిరాదు. అందులో విషముంటుంది, పశువుల మూతికి అందనివ్వకండి.

వెడల్పు గిన్నెలో నీళ్ళు కాగబెట్టి, అందులో చిన్న గిన్నె నిలిపి, నూనెలూ మైనమూ ఆ చిన్న గిన్నెలో వేయండి. నేరుగా మంటమీద పెట్టారా, నూనె అంటుకోగలదు. మైనం 62 నుంచి 64 డిగ్రీల వేడికి కరుగుతుంది, కాబట్టి నీటి వేడి చాలు. కరిగినాక ఒక బొట్టు చల్లని పళ్ళెంమీద వేసి చూడండి. గట్టిగా ఉంటే కొంచెం నూనె, పలుచగా ఉంటే కొంచెం మైనం కలపండి. దించి కలియబెట్టి, తడిలేని సీసాలో పోసుకోండి. ఇందులో నీళ్ళు లేవు గనుకనే బూజు పట్టదు. తడివేళ్ళు ముంచితే మాత్రం ఆ మేలు పోయినట్టే. ముక్కిన వాసన వస్తే పారేయండి. ఇంత శ్రమ ఎందుకనుకుంటే అంగట్లో వాసెలిన్ తెచ్చుకోండి, అదీ ఈ పనే చేస్తుంది.

మొదటిసారి మోచేతి లోపలివైపు కాస్త రాసి ఒకరోజు చూడండి. దద్దురు లేకపోతేనే వాడండి. రాత్రి కాళ్ళు గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలుంచి, మెత్తటి గుడ్డతో అద్ది, కొద్దిపాటి తేమ ఉండగానే రాయాలి. ఎండిపోయినాక రాస్తే సగం ఫలమే, ఎందుకంటే లేపనం తడి తేదు, ఉన్న తడిని నిలుపుతుంది. పైన నూలుమేజోళ్ళు గాని పాతగుడ్డ గాని కట్టుకోండి. పగుళ్ళను బ్లేడుతో చెక్కవద్దు, కిరసనాయిలు పోయవద్దు. నెత్తురు, చీము కనబడితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, ధనుర్వాతం సూది సంగతీ అడగండి. చక్కెరజబ్బు ఉన్నవారు చిన్న పగులుకైనా వెళ్ళవలసిందే. కాళ్ళు తిమ్మిరెక్కి నొప్పి తెలియక, పుండు ముదిరి కాలు తీయవలసి వచ్చే ప్రమాదం వారికుంది.

ఇక ఆవు చన్నులు. చలిగాలికి అవీ పగులుతాయి. పగిలిన చన్ను నొప్పికి ఆవు తన్నుతుంది, పాలు పూర్తిగా దిగవు, ఆ పగులులో చేరిన క్రిములు పొదుగువాపు తెస్తాయి. అమెరికాలో వెర్మాంటు పాడిరైతులకోసం 1899లో పుట్టిన పొదుగు లేపనం ఒకటి క్రమంగా పాలు పిండేవారి చేతులకూ ఎక్కింది. మన లేపనమూ రెంటికీ పనికివస్తుంది, కాని డబ్బాలు వేరుగా ఉంచండి. పాలు పిండినాకనే పలుచగా రాయాలి. మరుపూట పిండేముందు కడిగి, తుడిచి, ఆరనివ్వాలి. వేళ్ళు పాలలో ముంచుకొని పిండే అలవాటు మానండి. బొటనవేలు మడిచి పిండితే చన్ను నలుగుతుంది, గుప్పిటతోనే పిండాలి. చన్నులమీద నీటిపొక్కులు కనబడితే లేపనం జోలికి పోక పశువైద్యుణ్ణి పిలవండి. కొన్ని రకాల పొక్కులు పిండేవారి చేతులకూ అంటుకుంటాయి. ఆ ఆవును అన్నిటికంటె ఆఖరున పిండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.