కోచ్‌ కావాలా... కాస్త పట్టుదల చాలా?

పొద్దున్నే అయిదింటికి అలారం మోగుతుంది. కళ్లు తెరవకుండానే చెయ్యి వెళ్లి దాని నోరు నొక్కేస్తుంది. ‘రేపట్నుంచి ఖాయం’ అని మనసు సర్దిచెబుతుంది. ఆ ‘రేపు’ ఎప్పటికీ రేపే! మరి ఆ అలారం స్థానంలో ఓ మనిషి వచ్చి తలుపు తడితే? వ్యాయామం చేయించడానికి పర్సనల్‌ ట్రైనర్‌ని పెట్టుకుంటే? ఆ ఖర్చు దండగా, దారి చూపే పెట్టుబడా?

ఓ మధ్యతరగతి ఇల్లు. ఆయనకి నలభై నాలుగేళ్లు. ఆఫీసులో కుర్చీ, ఇంట్లో సోఫా... రోజంతా ఈ రెంటి మధ్యే. మొన్నటి పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. అంటే షుగరు గుమ్మం దగ్గర నిలబడి ఉందన్నమాట. ‘ఇంకా లోపలికి రాలేదు, వ్యాయామం మొదలుపెట్టండి’ అన్నారు డాక్టరు. వాళ్ల నాన్నగారికి బైపాస్‌ జరిగిన సంగతి ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు.

‘‘మా ఆఫీసులో ఒకాయన ట్రైనర్‌ని పెట్టుకున్నాడు. నెలకు తొమ్మిది వేలు. డబ్బు కట్టామన్న బాధకైనా వెళ్తాం కదా’’ అన్నాడాయన.

‘‘ఏమండీ, ఆ తొమ్మిది వేలు అమ్మాయి ట్యూషన్‌ ఫీజు. కిందటేడు ఇలాగే అని ట్రెడ్‌మిల్లు కొన్నారు. ఇప్పుడు దానిమీద తువ్వాళ్లు ఆరేస్తున్నాం’’ అందావిడ.

ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇలాంటి చర్చ ఈ ఒక్క ఇంటిదే కాదు. మనదేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగంమంది శరీరానికి చాలినంత పని చెప్పడంలేదని, ఆడవాళ్లలో ఇది 57 శాతమని 2022 సంవత్సరపు లెక్కలతో లాన్సెట్‌ గ్లోబల్‌ హెల్త్‌ పత్రిక 2024లో ప్రచురించింది. చెయ్యాలని అందరికీ తెలుసు. చెయ్యడం దగ్గరే చిక్కు!

డబ్బు కడితే కాళ్లు కదులుతాయా?

‘డబ్బు కట్టాం కాబట్టి వెళ్తాం’ అనేది చాలామంది చెప్పే మాట. అది ఎంతవరకూ నిజమో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కగట్టారు. స్టెఫానో డెల్లావిగ్నా, ఉల్రికె మాల్మెండియర్‌ అమెరికాలో మూడు హెల్త్‌క్లబ్బులకు చెందిన 7,752 మంది సభ్యుల హాజరును పరిశీలించి 2006లో ఆ వివరాలు ప్రచురించారు. నెలకు 70 డాలర్లకుపైగా చెల్లించే సభ్యత్వం తీసుకున్నవాళ్లు సగటున నెలలో వెళ్లింది నాలుగుసార్లకు కాస్త ఎక్కువ... అంతే! అంటే ఒక్కోసారికి 17 డాలర్లు పడింది. పది విజిట్ల పాసు కొనుక్కుని ఉంటే పది డాలర్లతో పోయేది. తెలివితక్కువవాళ్లేం కాదు. చేరేటప్పుడు రేపటి తమ మీద మరీ ఎక్కువ నమ్మకం పెట్టుకున్నారు.

కాబట్టి మొదటి పాఠం- కట్టిన డబ్బు కొన్నాళ్లే పొడుస్తుంది. తర్వాత అదీ అలవాటైపోతుంది, ట్రెడ్‌మిల్లు మీద తువ్వాలులాగా.

వస్తాదు నుంచి ట్రైనర్‌ దాకా

నిజానికి దగ్గరుండి కసరత్తు చేయించే మనిషి మనకు కొత్తేం కాదు. ఒకప్పుడు ఊరూరా సాముగరిడీలు ఉండేవి. తాలింఖానాల్లో వస్తాదు చూపు పడితే తప్ప కుర్రాడు బరువెత్తేవాడు కాదు. గుండెల మీద ఏనుగును ఎక్కించుకుని ‘కలియుగ భీముడు’ అనిపించుకున్న వీరఘట్టం వీరుడు కోడి రామ్మూర్తి నాయుడంతటివారు కూడా మద్రాసు వెళ్లి వ్యాయామశిక్షణ పొందినవారే. ఆ తర్వాత విజయనగరంలో పిల్లలకు నేర్పారు. అంతటి బలశాలికే గురువు అవసరమైతే మామూలు మనిషికి అక్కర్లేదా అనిపించొచ్చు.

మంచి ట్రైనర్‌ చేసే పనులు ప్రధానంగా మూడు. మొదటిది భంగిమ సరిదిద్దడం. గుంజీలు తీసేటప్పుడు, నేలమీది బరువు ఎత్తేటప్పుడు నడుము ఎలా ఉండాలో అద్దంలో చూసుకుంటే సరిగ్గా తెలియదు. పక్కన నిలబడ్డవాళ్లకే కనిపిస్తుంది. రెండోది మోతాదు. ఈవారం ఎంత, వచ్చేవారం ఎంత పెంచాలన్నది చెప్పడం. తొలిరోజే ఉత్సాహంకొద్దీ వంద గుంజీలు తీసి, మూడురోజులు మెట్లు దిగలేక మానేసేవాళ్లే ఎక్కువ. మూడోది- ఎదురుచూడటం. ఆరింటికి ఓ మనిషి మనకోసం నిలబడి ఉంటాడన్న మొహమాటం అలారం కన్నా గట్టిది.

పక్కన మనిషి ఉంటే...

ఈ మూడో పనికి ఎంత బలముందో చెప్పే పరిశోధన ఒకటుంది. షుగరు గుమ్మం దగ్గరున్న 3,234 మందితో అమెరికాలో జరిగిన ‘డయాబెటిస్‌ ప్రివెన్షన్‌ ప్రోగ్రామ్‌’ ఫలితాలు 2002లో వెలువడ్డాయి. జీవనశైలి మార్చుకున్న బృందంలో మధుమేహం బారినపడటం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్‌ మాత్రలు వేసుకున్న బృందంలో తగ్గింది 31 శాతమే. మాత్రను మించిన ఆ మందు ఏమిటి? బరువులో ఏడుశాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. ఎక్కువమంది చేసింది చురుకైన నడకే!

అయితే ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. ఆ బృందంలో ఒక్కొక్కరికీ ఒక కోచ్‌ ఉన్నారు. విడివిడిగా కూర్చోబెట్టి పదహారు పాఠాలు చెప్పారు. తూకం రాయించారు, ఆగిపోతే మళ్లీ పిలిచారు. చెన్నైలో డాక్టర్‌ ఎ.రామచంద్రన్‌ బృందం మనవాళ్లమీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఆహారం, నడక గురించి సలహాలిస్తూ క్రమంతప్పకుండా పలకరించిన బృందంలో మధుమేహం ముప్పు 28.5 శాతం తగ్గింది.

దీన్నిబట్టి తేలేదేమిటి? పట్టించుకునే మనిషి పక్కనుంటే నిజంగానే పనవుతుంది. కానీ ఆ మనిషి కండలు తిరిగిన ట్రైనరే కానక్కర్లేదు. వాళ్లు చేయించిన వ్యాయామానికి జిమ్మూ అక్కర్లేదు!

ఎవరికి అవసరం?

కొందరి విషయంలో ట్రైనర్‌కి పెట్టే డబ్బు దండగ కానేకాదు. బరువులతో కసరత్తు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, ఏళ్ల తరబడి ఒళ్లు వంచనివాళ్లు, కిందపడతామన్న భయమున్న పెద్దవాళ్లు, ఒక పరుగుపందేనికో పోటీకో సిద్ధమయ్యేవాళ్లు... వీళ్లకు నేర్పేవాళ్లుండాలి. గుండెజబ్బు, మోకాలి శస్త్రచికిత్స, వెన్నునొప్పి ఉన్నవాళ్లు ముందు వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికీ ఫిజియోథెరపిస్టు దగ్గరికీ. ఆ తర్వాతే ట్రైనర్‌. ఇన్సులిన్‌గానీ చక్కెరను బాగా తగ్గించే మాత్రలుగానీ వాడేవాళ్లకు వ్యాయామంలో చక్కెర పడిపోవచ్చు. ఆ సంగతి ట్రైనర్‌కి ముందే చెప్పాలి, జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలు ఉంచుకోవాలి.

ఎవరికి అక్కర్లేదు?

నడక, సైకిలు, ఈత, యోగా లాంటివాటితో ఆరోగ్యంగా ఉంటే చాలనుకునేవాళ్లకు నెలనెలా ట్రైనర్‌ తప్పనిసరేం కాదు. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం, కనీసం రెండురోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు ఉండాలన్నది 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన లెక్క. రోజుకు అరగంట చొప్పున అయిదురోజులు నడిస్తే 150 నిమిషాలు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ వేగానికి కొలత! కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులానించి పుషప్స్‌ తీయడం, మెట్లెక్కడం... ఇవి కండరాలకు. ఇక రోజుకు పదివేల అడుగులంటారా, అది వైద్యులు పెట్టిన లెక్క కాదు. 1960ల్లో జపాన్‌లో అడుగుల్ని లెక్కించే ఓ పరికరాన్ని అమ్మడానికి పెట్టిన పేరు ‘మాన్‌పోకెయ్‌’ నుంచి వచ్చింది. ఆ పేరుకి అర్థం ‘పదివేల అడుగుల మీటరు’ అని.

హైదరాబాద్‌ కేబీఆర్‌ పార్కు చుట్టూ, విశాఖ ఆర్కే బీచ్‌ రోడ్డులో తెల్లవారకముందే కనిపించే నడక జట్లను చూడండి. ఒకరు రాకపోతే మిగతావాళ్లు ఫోన్‌ చేసి తిడతారు. జీతం లేని ట్రైనర్లన్నమాట!

ఊతకర్ర ఎన్నాళ్లు?

ట్రైనర్‌ ఉన్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. మానేశాక? అమెరికాలో ఓ జిమ్‌ల సంస్థలోని 61,293 మంది సభ్యులమీద 54 రకాల ప్రోత్సాహక పద్ధతుల్ని నాలుగేసి వారాలు ప్రయోగించి చూశారు. ఆ ఫలితాలు 2021లో నేచర్‌ పత్రికలో వచ్చాయి. 45 శాతం పద్ధతులు హాజరును 9 నుంచి 27 శాతం దాకా పెంచాయి. కానీ ఆ నాలుగువారాలూ ముగిశాక కూడా ప్రభావం నిలిచింది 8 శాతం పద్ధతుల్లోనే. అన్నిటికన్నా బాగా పనిచేసిందేమిటో తెలుసా? ఒకరోజు మానేసినవాళ్లు మళ్లీ వస్తే చిన్న బహుమతి ఇవ్వడం!

అలవాటు స్థిరపడటానికి సమయమూ కావాలి. లండన్‌ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనిస్తే, కొత్త పని దానంతటది జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలితే, కొందరికి 254 రోజులు పట్టొచ్చని అంచనా. మధ్యలో ఒకరోజు తప్పినంతమాత్రాన అలవాటేం చెడిపోలేదట. ‘నిన్న మానేశాం, ఇక అయిపోయింది’ అనుకోవడమే అసలు శత్రువు.

మధ్యేమార్గం ఉంది

నెలకు తొమ్మిదివేలంటే ఏడాదికి లక్షా ఎనిమిదివేలు. ఇంటి బడ్జెట్‌ తట్టుకోలేకపోతే మూడోనెల్లోనే మానేస్తారు. అలాకాకుండా తొలినెల పన్నెండు తరగతులకు తొమ్మిదివేలు పెట్టి భంగిమలూ మోతాదులూ శుభ్రంగా నేర్చుకోవచ్చు. ఆపైన నెలకొకసారి గంటసేపు వచ్చి సరిచూసి, కొత్త పాఠం చెప్పి వెళ్లమనొచ్చు. ఆ గంటకు వెయ్యి రూపాయలనుకున్నా పదకొండు నెలలకు పదకొండు వేలు. ఏడాది మొత్తానికి ఇరవైవేలే! ఇరుగుపొరుగు నలుగురు కలిసి ఒకే ట్రైనర్‌ని మాట్లాడుకుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది, జట్టూ కుదురుతుంది. ‘నాకు నేనుగా చేసుకోగలిగేలా నేర్పండి’ అని మొదటిరోజే చెప్పాలి. ఆ మాటకు మొహం చిట్లించే ట్రైనర్‌ అయితే అక్కడే నమస్కారం పెట్టేయొచ్చు.

పెట్టుకునేముందు...

* మనదేశంలో ట్రైనర్‌ అని బోర్డు పెట్టుకోవడానికి తప్పనిసరి లైసెన్సంటూ లేదు. కాబట్టి ఎక్కడ నేర్చుకున్నారో, ఏ సర్టిఫికెట్‌ ఉందో అడగండి. సీపీఆర్‌ వచ్చా అన్నది ముఖ్యమైన ప్రశ్న.

* మొదటిరోజు మీ జబ్బులు, మందులు, పాత దెబ్బల గురించి అడగకుండానే బరువులు చేతికిచ్చేవాళ్లు వద్దు.

* ‘నెలలో పదికిలోలు తగ్గిస్తా’ అన్నవాళ్లను నమ్మొద్దు.

* పొడులూ మాత్రలూ అమ్మజూపితే జాగ్రత్త. కండలకోసం ప్రొటీన్‌ పొడులు వాడొద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ఇంజెక్షన్ల మాటెత్తితే మారుమాట లేకుండా మానేయండి.

* ఏడాది ప్యాకేజీకి ముందే డబ్బు కట్టొద్దు. ఒకటి రెండు తరగతులు చూశాక నెలవారీ చెల్లించండి. మానేస్తే మిగిలిన డబ్బు తిరిగి ఇస్తారో లేదో కాగితం మీద రాయించుకోండి.

* ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, విపరీతమైన ఆయాసం వస్తే వెంటనే ఆపాలి. కసరత్తు మర్నాడు మూత్రం కాఫీరంగులోకి మారితే ఆసుపత్రికి వెళ్లాలి. ‘నొప్పి ఉంటేనే ఫలితం’ అనేవాళ్ల మాట వినొద్దు.

* * *

ఇంతకీ ఆ ఇంట్లో చర్చ ఎటు తేలాలి? ఆయన ముందు తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి. ‘నాకు తెలియనిది ఎలా చెయ్యాలన్నదా, లేక చెయ్యబుద్ధి కాకపోవడమా?’ అని. మొదటిదైతే ట్రైనర్‌ దగ్గర ఓ నెల నేర్చుకోవడం మంచి ఖర్చే. రెండోదైతే తొమ్మిదివేలు తీసే ముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఓ నాలుగువారాలు రోజూ అరగంట ఆవిడతో కలిసి నడిచి చూడటం. నడిచిన రోజున క్యాలెండర్‌ మీద ఓ టిక్కు పెట్టడం. ఇరవై టిక్కులు పడ్డాయంటే ట్రైనర్‌ ఇంట్లోనే ఉన్నట్టు. పదికూడా పడకపోతే అప్పుడు బయటి మనిషి సాయం తీసుకోవడంలో తప్పులేదు. ఆ తొమ్మిదివేలూ ఎందుకు పెడుతున్నామో ఇద్దరికీ తెలుస్తుంది.

ఏదేమైనా మొదటి అడుగు వేయడానికి మాత్రం ఎవరి అనుమతీ, ఏ రసీదూ అక్కర్లేదు. ముందుగా ఆ ట్రెడ్‌మిల్లు మీది తువ్వాళ్లు తీసేస్తే చాలు!