గని హాలర్ నుండి బావిగట్టు వించ్ వరకు: తాడు లాగే యంత్రాల వాడకంలో మెలకువలు

రామగుండం, గోదావరిఖని పరిసర గ్రామాలలో అన్న సింగరేణి గనిలోను, తమ్ముడు వరి పొలంలోను పనిచేసే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. గనిలో బొగ్గు టబ్బులను వాలు పైకి లాగే హాలర్, పొలంలో దిగబడిన ట్రాక్టరును బయటకు తీసే వించ్, వ్యవసాయ బావిలో పూడిక తోడే క్రేను పేరుకు వేరైనా సూత్రరీత్యా ఒక్కటే. తిరిగే డ్రమ్ము, దానికి చుట్టుకునే తాడు, దానిని నిలిపే బ్రేకు. గనిలో ఈ తాడు చుట్టూ కట్టుదిట్టమైన నియమాలు ఉన్నాయి. బావిగట్టున చాలాచోట్ల అవి కానరావు.

సింగరేణిలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు వద్ద మొదలైంది. వాలుగా దిగే ఇంక్లైన్ గనులలో రెండు రకాల హాలేజి వాడుకలోకి వచ్చింది. డైరెక్ట్ పద్ధతిలో నిండు టబ్బులను తాడు పైకి లాగుతుంది, ఖాళీ టబ్బులు తమ బరువుతోనే తాడును లాక్కుంటూ దిగుతాయి. ఎండ్‌లెస్ పద్ధతిలో తాడు అంతులేని మాలలా నెమ్మదిగా తిరుగుతూ ఉంటే టబ్బులను క్లిప్పులతో దానికి తగిలిస్తారు. (మన పాత మోటలో ఎద్దులు వాలు దిగుతుంటే నీరు పైకి వచ్చేది. వాలును పనికి వాడుకోవడం రైతుకు కొత్త విద్య కాదు.) నేడు అడ్రియాల లాంగ్‌వాల్ వంటి గనులలో బొగ్గు కన్వేయర్ బెల్టుపై వస్తున్నది, అనేక గనులలో కార్మికులు చెయిర్‌లిఫ్టుపై దిగుతున్నారు. అయినా సామగ్రి రవాణాలో హాలర్ పాత్ర ముగియలేదు.

వించ్ ఎంపికలో మొదట లెక్కించవలసినది బరువు కాదు, నిరోధం. ఐదుకు ఒకటి వాలున్న పట్టాలపై 1,500 కిలోల టబ్బును లాగడానికి దాదాపు 300 కిలోల బలం, దానికి తోడు కొద్దిపాటి రాపిడికి సరిపడా బలం చాలు. అదే బరువున్న ట్రాక్టరు దమ్ము చేసిన మడిలో చక్రాల లోతున దిగబడితే నిరోధం దాని బరువంత ఉంటుంది, మడ్‌గార్డుల వరకు కూరుకుపోతే రెండింతలకు చేరుతుంది. వాహనాలను బురదనుండి వెలికితీసే సైనిక విభాగాలు కూడా స్థూలంగా ఇదే లెక్కను పాటిస్తాయి. కాబట్టి ముందు చక్రాల ముందరి బురదను పారతో తీసివేయడం, కేజ్ వీల్స్ విప్పడం వించ్ సామర్థ్యాన్ని పెంచడం కన్నా చవకైన పని.

రైతులకు తప్పక వివరించవలసిన మరో అంశం ఉంది. యంత్రం పలకపై రాసిన లాగుడు బలం డ్రమ్ముపై తాడు మొదటి వరుసలో ఉన్నప్పటిది. డ్రమ్ము వ్యాసం 10 సెంటీమీటర్లు, తాడు మందం 1 సెంటీమీటరు అనుకుందాం. మొదటి వరుసలో లాగే వ్యాసం 11, ఐదవ వరుసకు అది 19 సెంటీమీటర్లు అవుతుంది. 2,000 కిలోల వించ్ అప్పుడు సుమారు 1,160 కిలోలే లాగగలదు. పొలంగట్టు దగ్గరే ఉంది కదా అని తాడంతా డ్రమ్ముపైనే ఉంచి లాగితే యంత్రం మొరాయించడానికి కారణం ఇదే. అలాగని తాడంతా విప్పరాదు. కనీసం ఐదు చుట్లు డ్రమ్ముపై మిగలాలి. బరువును ఆపేది ఆ చుట్ల ఒరిపిడే గాని, కొసన బిగించిన బోల్టు కాదు. బలం చాలనప్పుడు ట్రాక్టరుకు కప్పీ కట్టి, తాడు కొసను గట్టుపై మరో ఊతానికి బిగిస్తే లాగుడు దాదాపు రెట్టింపు, వేగం సగం అవుతుంది. కప్పీని చెట్టుకు కట్టి తాడును మళ్లిస్తే మాత్రం బలం పెరగదు, పైగా ఆ చెట్టుపై రెండింతల వరకు భారం పడుతుంది.

దిగబడిన ట్రాక్టరుకు వెనుక ఇరుసుకన్నా ఎత్తులో తాడు కట్టి మరో ట్రాక్టరుతో లాగించడం, లేదా చక్రాలకు దుంగ కట్టి క్లచ్ ఒక్కసారిగా వదలడం ఇప్పటికీ చూస్తున్నాము. చక్రం కదలకపోతే ఇంజను బలం ముందుభాగాన్ని పైకి లేపుతుంది, ట్రాక్టరు వెనక్కి బోల్తాపడి డ్రైవరును నొక్కివేస్తుంది. ఇందుకు రెండు మూడు క్షణాలు చాలు.

తాడు విషయంలో గని పాఠం మరింత స్పష్టం. అక్కడ హాలేజి తాడును నియమిత వ్యక్తి క్రమం తప్పక పరీక్షించి నమోదు చేస్తాడు. మన రైతు ఎక్కడిదో పాత ఉక్కు తాడు తెచ్చి, తెగినచోట ముడివేసి వాడతాడు. ముడి వేస్తే తాడు బలం సగానికి పడిపోవచ్చు. మందం పదవ వంతు తగ్గినా, తీగలు తెగి ముళ్లలా లేచినా, మెలిక పడి నలిగినా ఆ తాడును పక్కన పెట్టాలి. యు-క్లాంపు బిగించేటప్పుడు గుండ్రటి కడ్డీ మిగులు కొసపైన, జీను భాగం బరువు మోసే తాడుపైన రావాలి. లాగేటప్పుడు తాడు మధ్యలో తడి గోనెసంచి వేస్తే తెగిన తాడు కొరడాలా విసురుకోవడం కొంత తగ్గుతుంది. అయినా తాడు వరుసలోను, కప్పీ వద్ద అది మలుపు తిరిగే లోపలి కోణంలోను ఎవరూ నిలబడరాదు. హాలర్ నడిచే దారిలో టబ్బులు కదులుతుండగా నడవరాదనే నియమం, గోడలలో తలదాచుకునే మ్యాన్‌హోళ్లు, వాలుపై స్టాప్ బ్లాకులు ఉన్నది ఇందుకే. తాడు తెగుతుందనే అనుమానంతోనే ఆ ఏర్పాట్లన్నీ రూపొందాయి.

బావి పూడిక పనిలో పరిస్థితి ఆందోళనకరం. లాగడానికి చేసిన వించ్‌ను ఎత్తడానికి, ఎత్తే బకెట్టును మనుషులు దిగడానికి వాడుతున్నారు. మనిషిని మోసే తాడుకు సాధారణంగా బరువుకు పదింతల బలం ఉండాలి, బ్రేకు తనంతట తాను పట్టుకోవాలి. పూడిక క్రేనుకు ఈ రెండూ ఉండవు. కూలీలు వేరుగా కట్టిన నిచ్చెనపైనే, నడుముకు రక్షణ తాడుతో దిగాలి. బకెట్టు లేచేటప్పుడు దాని కింద ఉండరాదు. డీజిల్ ఇంజను పొగ బావిలోకి దిగకుండా గాలివాలు చూసి దానిని దూరంగా నిలపాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు ప్రదర్శనలలో ముందుగా నేర్పదగినది సంకేతాల పద్ధతి. కదులుతున్న హాలర్‌కు ఒక్క గంట వినిపిస్తే ఆపమని అర్థం. బావి వద్ద ఇంజను నడిపేవానికి అడుగున ఉన్న మనిషి కనబడడు, ఆ చప్పుడులో కేక వినబడదు. గట్టున ఒకరిని నిలిపి, లోపలికి గంట తాడు వేలాడదీయాలి. ఎత్తడానికి, దించడానికి ఆ ఒక్కరి సంకేతమే చెల్లాలి. ఆపమనే గంట మాత్రం ఎవరు కొట్టినా ఇంజను ఆగాలి.