డాష్‌బోర్డులో అమ్మీటరు

పాత బుల్లెట్ నడిపినవాళ్లకు హెడ్‌లైటు మీద, స్పీడోమీటరు పక్కన ఉండే చిన్న గుండ్రటి మీటరు గుర్తుండే ఉంటుంది. మధ్యలో సున్నా, ఒకవైపు ప్లస్, మరోవైపు మైనస్. బండి ఆపి లైటు వేస్తే ముల్లు మైనస్ వైపు వాలుతుంది, ఇంజను వేగం అందుకున్నాక ప్లస్ వైపు లేస్తుంది. బ్యాటరీలోకి కరెంటు వస్తోందా, బ్యాటరీలోంచి పోతోందా అన్నది తప్ప అది మరేమీ చెప్పదు. కార్లలో కూడా ఒకప్పుడు ఈ మీటరు తప్పనిసరి. పాత కారును బాగుచేసుకునేవాళ్లు ఇప్పటికీ దాన్ని ఇష్టంగా బిగించుకుంటున్నారు. అయితే సరిగ్గా బిగించకపోతే కారు వైరింగులో ఇంతకంటే ప్రమాదకరమైన మీటరు ఇంకొకటి లేదు.

తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్కు శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ గమనించాడు. కారు అమ్మీటరులో ఉన్నది దాదాపు అదే. వెనుక రెండు బోల్టులు, వాటి మధ్య మందపాటి లోహపు పట్టీ, పట్టీ పక్కన చిన్న అయస్కాంతం, ఇరుసు మీద తిరిగే ఇనుప రేకు, ఆ రేకుకు ముల్లు. కరెంటు ఎటు పారితే ముల్లు అటు తిరుగుతుంది.

కారుకు దీని అవసరం సెల్ఫ్ స్టార్టరుతో వచ్చింది. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ 1912 మోడల్ క్యాడిలాక్‌లో వచ్చాక హ్యాండిల్ తిప్పే బాధ తప్పింది. కానీ సెల్ఫ్‌కు పెద్ద బ్యాటరీ కావాలి, బ్యాటరీని నింపడానికి డైనమో కావాలి. ఆ కాలపు డైనమోలు చాలావాటికి ఓల్టేజిని అదుపు చేసే రెగ్యులేటరు లేదు. మూడో బ్రష్‌ను మెకానిక్ ఎక్కడ నిలిపితే ఆ మేరకు ఛార్జింగు జరిగేది. పగటిపూట దూరప్రయాణంలో బ్యాటరీ అతిగా ఛార్జయ్యి నీళ్లు మరిగిపోయేవి. అందుకే ముల్లు ప్లస్‌లో అదేపనిగా నిలిచిపోతే పట్టపగలే హెడ్‌లైట్లు వేసుకుని నడిపినవాళ్లున్నారు. అంటే అప్పటి డ్రైవరుకు అమ్మీటరు అలంకారం కాదు, రెగ్యులేటరు చేయాల్సిన పని అతను దాన్ని చూసే చేసేవాడు. రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపులోని అయిదు మీటర్లలో ఒకటి ఇదే.

ఓల్టుమీటరును బ్యాటరీ ప్లస్‌కూ ఎర్త్‌కూ మధ్య కలుపుతాం. అమ్మీటరును అలా కలిపితే పట్టీకి నిరోధం దాదాపు ఉండదు గనుక నేరుగా షార్ట్ సర్క్యూటే. దాన్ని లైనును తెంచి మధ్యలో పెట్టాలి. అలా పెడితే బ్యాటరీకి వచ్చీపోయే కరెంటంతా డాష్‌బోర్డు దాకా ప్రయాణించి తిరిగి వెళ్లాలి. సెల్ఫ్ కేబుల్ ఒక్కటే దీనికి మినహాయింపు. సెల్ఫ్ లాగే వందల ఆంపియర్లను ఈ మీటరు తట్టుకోలేదు, అందుకే ఆ కేబుల్ బ్యాటరీ నుంచి నేరుగా స్టార్టరుకే పోతుంది.

డైనమో ఇచ్చే కరెంటు తక్కువగా ఉన్నంతకాలం ఈ ఏర్పాటు నడిచింది. 1960లో క్రైస్లర్ కంపెనీ తన వేలియంట్ కారులో డైనమో బదులు ఆల్టర్నేటరు పెట్టింది. తర్వాత ఏసీలు, వెనుక అద్దం హీటర్లు వచ్చాయి, ఆల్టర్నేటర్ల సామర్థ్యం పెరిగింది. క్రైస్లర్ వైరింగులో మాత్రం ఛార్జింగు కరెంటు ఇంజను గదికీ డాష్‌బోర్డుకూ మధ్యనున్న ప్లాస్టిక్ కనెక్టరు గుండా లోపలికి వచ్చి, అమ్మీటరు దాటి, మళ్లీ అదే కనెక్టరు గుండా బయటికి పోయేది. ఆ కనెక్టరులోని చదును పిన్ను తుప్పు పట్టి 0.02 ఓమ్‌ల నిరోధం వచ్చిందనుకోండి. 40 ఆంపియర్లు పారితే 40ని 40తో, ఆ వచ్చినదాన్ని 0.02తో హెచ్చిస్తే 32 వాట్ల వేడి. రేడియో రిపేరు షాపుల్లో వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్‌లో గుచ్చి వదిలేసినట్టే. ఆ కార్ల కనెక్టర్లు కరిగినవీ, అమ్మీటరు వెనుక నట్లు వదులై మాడినవీ పాత కార్ల మెకానిక్కులకు బాగా తెలుసు. నన్నడిగితే తప్పు మీటరుది కాదు. అంత కరెంటును డ్రైవరు మోకాళ్ల దగ్గరికి తేవడమే తప్పు.

ఈ ప్రమాదాన్ని తగ్గించి కొలిచే మార్గాలు అప్పటికే ఉన్నాయి. కొన్ని పాత ఫోర్డు బండ్లలో అమ్మీటరుకు బోల్టులే లేవు, వెనుకనున్న చిన్న లూపులోంచి తీగను తెంచకుండా దూర్చేవారు. రెండో మార్గం షంట్. ఇంజను గదిలో, బ్యాటరీ దగ్గర, కచ్చితమైన అతి స్వల్ప నిరోధమున్న లోహపు ముక్కను లైనులో పెడతారు. 60 ఆంపియర్లకు 75 మిల్లీఓల్టులు చూపే షంట్ అయితే పూర్తి లోడులో కూడా దాని మీద పుట్టే వేడి నాలుగున్నర వాట్లే. డాష్‌బోర్డుకు వెళ్లేవి రెండు సన్నని తీగలు, వాటిలో పారే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ.

కొత్తగా బిగించుకునేవాళ్లు షంట్ రకమే కొనాలి, మీటరుకు జతగా ఇచ్చిన షంట్‌నే వాడాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయండి, ఆఖర్న మాత్రమే కలపండి. ఆల్టర్నేటరు గరిష్ఠంగా ఇచ్చే ఆంపియర్ల కంటే షంట్ సామర్థ్యం ఎక్కువ ఉండాలి. సెల్ఫ్ తప్ప మిగతా లోడులన్నీ షంట్‌కు ఆల్టర్నేటరు వైపునే కలవాలి, బ్యాటరీ వైపు కలిపినది లెక్కలోకి రాదు. లావు తీగకు బ్యాటరీ దగ్గరే దాని మందానికి తగ్గ ఫ్యూజు పెట్టండి. సన్నని తీగలు కూడా బ్యాటరీ ప్లస్‌కు కలిసినవే, బాడీకి రాసుకుంటే అంటుకుంటాయి. అందుకే షంట్ దగ్గరే ఒక్కోదానికి ఒక ఆంపియరు ఫ్యూజు కావాలి. రేకు దాటేచోట రబ్బరు బుష్ తప్పదు. కొనలు మెలితిప్పి టేపు చుట్టవద్దు, గుండ్రటి లగ్గులు క్రింపు చేసి, స్ప్రింగ్ వాషరుతో బిగించండి.

అంతా అయ్యాక ఇంజను ఆపి ఉంచి హెడ్‌లైట్లు వేయండి. ముల్లు మైనస్‌కు పోవాలి. ప్లస్‌కు పోతే మీటరు వెనుక రెండు తీగలూ తారుమారు చేస్తే సరిపోతుంది. పది నిమిషాలు నడిపాక ఇంజను ఆపి, లగ్గుల దగ్గర చేయి పెట్టి చూడండి. వేడి తగిలితే ఆ బిగింపు సరిగా లేదన్నమాట, విప్పి మళ్లీ చేయాలి.

బ్యాటరీ మైనస్ మీదే కరెంటు సెన్సరు ఉన్న ఇప్పటి కార్లలో ఈ పని పెట్టుకోవద్దు. వాటికి ఓల్టుమీటరు చాలు. ఇంజను ఆపినప్పుడు 12.6, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 దాకా చూపితే ఛార్జింగు బాగున్నట్టే.