తొలగించే ముందు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల రైతుకు పహాణీ ప్రాణసమానమైన పత్రం. కాగితపు పహాణీలో ఒక పేరును కొట్టివేసినా, గీత కింద పాత అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి. ఇప్పుడు భూముల వివరాలు కంప్యూటరులోకి చేరాయి. తెలంగాణలో 2020లో ధరణి పోర్టల్ ప్రారంభమైంది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. దానిని ప్రయోగాత్మకంగా చేపట్టిన నాలుగు మండలాలలో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన మద్దూరు ఒకటి. ఇంతటి విలువైన సమాచారాన్ని భద్రపరిచే కంప్యూటరులో ఫైళ్ల తొలగింపు ఎలా జరుగుతుందో తెలుసుకోవడం అవసరం.

మనం ఒక ఫైలును తొలగిస్తే సాధారణంగా అది రీసైకిల్ బిన్‌లోకి చేరుతుంది. పొరపాటు జరిగితే వెనక్కు తీసుకోవచ్చు. కాని ప్రోగ్రాము తనంతట తాను తొలగించే ఫైలుకు చాలా సందర్భాలలో ఈ అవకాశం ఉండదు. ప్రోగ్రాముకు సందేహం కలుగదు; ఇచ్చిన ఆజ్ఞను అది క్షణంలో అమలు చేస్తుంది.

జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో 2021 డిసెంబరులో ఇదే జరిగింది. సూపర్ కంప్యూటరులో పాత లాగ్ ఫైళ్లను తొలగించే ప్రోగ్రామును, అది నడుస్తుండగానే మార్చారు. ఫోల్డరు పేరు ఉండవలసిన చోట ఏమీ లేకపోయింది. ఫలితంగా పరిశోధకుల ఫైళ్లు సుమారు 3 కోట్ల 40 లక్షలు, అంటే 77 టెరాబైట్ల సమాచారం తుడిచిపెట్టుకుపోయింది. నష్టపోయిన 14 బృందాలలో నాలుగింటి సమాచారం తిరిగి దక్కలేదు.

కనుక ప్రోగ్రాము రాసేవారు కొన్ని నియమాలు పాటించాలి. ఫోల్డరు పేరు ఖాళీగా ఉంటే ప్రోగ్రాము వెంటనే ఆగిపోవాలి. నిర్ణీత ఫోల్డరు దాటి దేనినీ తొలగించే అధికారం దానికి ఉండరాదు. మొదట తొలగించదలచిన ఫైళ్ల జాబితాను చూపాలి. తరువాత వాటిని వేరొక చోటికి తరలించి, కొన్నాళ్లు ఉంచి, ఆపైనే తొలగించాలి. ఏ ఫైలు ఎప్పుడు పోయిందో నమోదు చేయాలి. మరొక చోట నకలు ఉండాలి. ఆ నకలు నిజంగా పనిచేస్తుందో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి.

దీనికి మరొక పార్శ్వం కూడా ఉంది. తొలగించినంత మాత్రాన సమాచారం వెంటనే నశించదు. తరచుగా ఫైలు పేరు మాత్రమే సూచిక నుంచి పోతుంది. ఆ స్థలంలో మరొకటి రాసేవరకు పాత సమాచారం మిగిలి ఉండవచ్చు. స్కాన్ చేసిన ఆధార్ నకలు ఆ విధంగా పరుల చేతికి చిక్కే ప్రమాదముంది. అటువంటి ఫైళ్లను మొదటినుంచీ సంకేతలిపిలో భద్రపరచి, అవసరం తీరాక ఆ లిపిని విప్పే తాళాన్ని నాశనం చేయడం మేలు.

ఉండవలసినది పోకుండా, పోవలసినది మిగలకుండా చూడడమే సురక్షితమైన తొలగింపు. మీట నొక్కేది యంత్రమైనా, దాని బాధ్యత ఆజ్ఞ రాసిన మనిషిదే.